ఒక ఎకరం, ఒక ఏడాది: దుక్కి కింద సూక్ష్మజీవులకు ఏమవుతుంది

కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు రైతు చేలోకి దిగి, నిలిచి ఉన్న పైరులోనే మినుములు చల్లుతాడు. నేలలో మిగిలిన తడికి గింజ మొలకెత్తుతుంది. వరి కోసి పనలు ఎత్తేసరికి కొయ్యకాళ్ళ మధ్య మినుము మొక్క తలెత్తి ఉంటుంది. నాగలి పెట్టలేదు, గుంటక తోలలేదు, ఒక్క గడ్డ కూడా కదపలేదు. దున్నకుండా పండించడం గురించి ఇప్పుడు ప్రపంచమంతా మాట్లాడుతోంది. మాగాణి మినుము రైతులకు అది తాతల నాటి పని.

అదే చేను జూలైలో ఎలా ఉందో గుర్తు చేసుకోండి. ఇనుప చక్రాల ట్రాక్టరు రెండు మూడుసార్లు తిరిగి మట్టినీ నీటినీ అంబలిలా కలిపేసింది. మినుము పీకిన తరువాత, ఎండాకాలంలో, అక్కడే రోటావేటర్ అనే తిరిగే కత్తుల యంత్రం నడిచి నేలను పిండి చేస్తుంది. ఏడాది తిరిగేలోపు ఒకే ఎకరం మూడు రకాల సేద్యాన్ని చూస్తుంది: బురద చేయడం, అసలు ముట్టుకోకపోవడం, పొడి చేయడం. దున్నాలా వద్దా అనే వాదనను రెండు మతాల మధ్య తగవులా నడిపేవారు ఈ ఎకరాన్ని ఒకసారి చూడాలి. ప్రతి దశలోనూ నేలలో ఎవరు బతికారో, ఎవరు చచ్చారో, ఎందుకో తెలిస్తే ప్రశ్నే మారిపోతుంది.

ముందు ఒక లెక్క. ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 900 టన్నుల బరువు ఉంటుంది. మెట్ట నేలల్లో సేంద్రియ కర్బనం అర శాతం దగ్గర ఉందనుకుంటే అది నాలుగున్నర టన్నులు. ఆ కర్బనంలో ఒకటి నుంచి ఐదు శాతం దాకా బతికి ఉన్న సూక్ష్మజీవుల శరీరాల్లోనే ఉంటుంది. రెండు శాతం చొప్పున వేసుకుని, ఆ శరీరాల్లోని నీటినీ కలుపుకుంటే ఆరేడు వందల కిలోలు తేలుతుంది. ఒక మోస్తరు ఎడ్ల జత బరువు అంత ఉంటుంది. అరక లాగే జతకు మనం మేత వేస్తాం, నీళ్ళు పెడతాం, ఎండలో కట్టకుండా కొట్టంలో కడతాం. మట్టిలోని జతకు కావలసినవీ అవే. దుక్కి ఆ మేతను, నీటిని, కొట్టాన్ని మూడింటినీ ఒకేసారి మారుస్తుంది.

కణికలో కాపురం

గుల్లగా ఉన్న మట్టిని చేతిలోకి తీసుకుని మెల్లగా విడదీస్తే అది పిండిలా రాలదు, చిన్న చిన్న కణికలుగా విడిపోతుంది. ఆ కణికే సూక్ష్మజీవుల ఇల్లు. అది ఎలా తయారవుతుందో 1982లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు టిస్డాల్, ఓడెస్ వివరించిన తీరు నేటికీ నేల శాస్త్రానికి పునాదిగా ఉంది. బంకమట్టి రేణువులు, కుళ్ళిన పదార్థం, బాక్టీరియా స్రవించే జిగురు కలిసి పావు మిల్లీమీటరు కన్నా చిన్న కణికలవుతాయి. ఇవి గట్టివి, తేలికగా విడిపోవు. వాటిని మళ్ళీ సన్నని వేళ్ళు, శిలీంధ్రాల దారాలు చుట్టి, కట్టి, పెద్ద కణికలుగా మారుస్తాయి. చిన్న కణిక ఇటుక అయితే పెద్ద కణిక గోడ. ఆ గోడను పట్టి ఉంచేది సిమెంటు కాదు, ప్రాణమున్న దారం. దారం తెగితే గోడ కూలుతుంది.

కణికల లోపలి సన్నని రంధ్రాల్లో నీరు ఎక్కువ కాలం నిలుస్తుంది. బాక్టీరియాను తినే ప్రోటోజోవా లాంటి జీవులు ఆ రంధ్రాల్లో దూరలేవు. అక్కడ చిక్కుకున్న ఆకు ముక్క, వేరు ముక్క త్వరగా కుళ్ళవు, ఎందుకంటే గాలి అందడం తక్కువ, తినేవారికి దారి లేదు. గాదెలో దాచిన గింజల్లా ఆ పదార్థం ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. మట్టిలో కర్బనం నిలవడానికి ఉన్న ముఖ్యమైన కారణాల్లో ఇది ఒకటి.

ఇక నాగలి దిగినప్పుడు ఏమవుతుంది? చిన్న కణికలకు పెద్దగా ఏమీ కాదు. పెద్దవి విరుగుతాయి, గాదె తెరుచుకుంటుంది. ఇన్నాళ్ళూ అందని మేత ఒక్కసారిగా అందుతుంది, గాలి కూడా తోడవుతుంది. బాక్టీరియా గంటల్లోనే రెట్టింపవుతూ ఆ మేతను తినేస్తాయి. వాటి శ్వాసతో కర్బనం బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. వాటికి అవసరం లేని నత్రజని అమోనియంగా, ఆపై నైట్రేట్‌గా మట్టిలోకి విడుదలవుతుంది.

నివురుగప్పిన నిప్పు మీద నివురు తీసి ఊదితే భగ్గున రాజుకుంటుంది. దుక్కి చేసేది అదే పని. బాగా దున్నిన చేలో పైరు పచ్చగా లేస్తుందన్న రైతు మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ పచ్చదనం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే మనం అడగవలసింది. దుక్కి నేలకు కొత్తగా ఏ సత్తువా తెచ్చిపెట్టలేదు, లోపల దాచి ఉన్నదాన్ని బయటికి తీసి ఖర్చు పెట్టింది. పశువుల ఎరువు, పచ్చిరొట్ట దండిగా వేసే రోజుల్లో ఆ ఖర్చు ఏటికేడు పూడేది. ఇప్పుడు గడ్డిని చుట్టే యంత్రం చుట్టి తీసుకుపోతోంది, లేదా కొయ్యకాళ్ళకు నిప్పు పెడుతున్నారు, పశువులు తగ్గాయి. ఖర్చు మాత్రం ట్రాక్టరు వేగంతో పెరిగింది.

తొలకరి ఈ నిప్పును ఇంకా రాజేస్తుంది. ఎండి పోయిన మట్టి మీద వాన పడగానే సూక్ష్మజీవుల శ్వాస, నత్రజని విడుదల ఒక్కసారిగా ఎగసిపడతాయని 1958లో కెన్యాలో పనిచేస్తున్న బర్చ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఆ దృగ్విషయానికి ఆయన పేరే స్థిరపడింది. ఎండకు చచ్చిన సూక్ష్మజీవుల శరీరాలే బతికినవాటికి మేతవుతాయి. తొలకరి మట్టి వాసన కూడా ఈ లోకానిదే. ఎండను తట్టుకునే ఆక్టినోబాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం వాన చినుకుల తాకిడికి గాలిలోకి లేచి మన ముక్కుకు చేరుతుంది. అయితే దున్ని వదిలిన ఖాళీ చేలో ఈ నత్రజనిని అందుకునే వేరు ఒక్కటీ ఉండదు. నాలుగు పెద్ద వానలు పడితే నైట్రేట్ కిందికి దిగిపోతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయంలో వానాకాలానికి ముందే పలు రకాల గింజలు కలిపి పొడి నేలలో చల్లే పద్ధతిని నేను ఇష్టపడేది ఇందుకే. మొదటి చినుకుకు విడుదలయ్యే సత్తువను పట్టుకోవడానికి అక్కడ ఒక వేరు సిద్ధంగా ఉంటుంది.

తెగిన దారాలు

దుక్కి వల్ల సూక్ష్మజీవులన్నీ చనిపోతాయని కొందరు చెబుతుంటారు. అది సరికాదు. బాక్టీరియా అంత చిన్న జీవిని నాగటి కర్రు ఏమీ చేయలేదు, పైగా దాని సంఖ్య కొన్నాళ్ళు పెరుగుతుంది కూడా. దెబ్బ తినేవి పొడవైనవి, పెద్దవి, నెమ్మదిగా పెరిగేవి. శిలీంధ్రాల దారాలు తెగిపోతాయి. వానపాములు, ముఖ్యంగా లోతుగా నిలువు బొరియలు చేసేవి, తగ్గిపోతాయి. తరచూ దున్నే నేలలో త్వరగా తిని త్వరగా చచ్చే బాక్టీరియా పైచేయి సాధిస్తాయి. కదపకుండా, పైన చెత్త కప్పి ఉంచిన నేలలో శిలీంధ్రాలకు బలం వస్తుంది. అన్ని నేలల్లో ఇదే కొలతలో కనబడుతుందని కాదు, మొగ్గు మాత్రం అటువైపే.

వీటిలో మనం ఎక్కువగా పట్టించుకోవలసింది మొక్క వేళ్ళతో కలిసి బతికే మైకోరైజా అనే శిలీంధ్రాన్ని. భూమి మీది మొక్కల జాతుల్లో నూటికి 70 నుంచి 80 దాకా వీటితో పొత్తు పెట్టుకున్నవే. మొక్కజొన్న, కంది, మిరప, ఉల్లి, పత్తి అన్నీ ఆ జాబితాలోవే. ఆవ, క్యాబేజీ, కాలీఫ్లవర్ కుటుంబం మాత్రం ఈ పొత్తుకు దూరం. మొక్క చక్కెర ఇస్తుంది, శిలీంధ్రం భాస్వరం, జింకు తెచ్చి ఇస్తుంది. భాస్వరం మట్టిలో కదలదు. వేరు తన చుట్టూ ఉన్నది పీల్చుకున్నాక పక్కది దానంతట అది నడిచి రాదు. వేరు కన్నా ఎన్నో రెట్లు సన్నని శిలీంధ్ర దారం వేరు చేరలేని రంధ్రంలోకి వెళ్ళి ఆ పని చేసిపెడుతుంది.

ఈ దారాల వల పాత పంట వేళ్ళ నుంచి కొత్త పంటకు అందాలి. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో మిల్లర్ బృందం మొక్కజొన్న మీద చేసిన ప్రయోగాల్లో, కదపని నేలలో మొలిచిన మొక్క ముందునుంచే ఉన్న వలకు తగులుకుని లేత వయసులోనే ఎక్కువ భాస్వరం తీసుకుంది. మట్టిని కదిపినచోట ఆ లాభం తగ్గింది. మరో ఉదాహరణ మనకు ఇంకా దగ్గరిది, ఎందుకంటే అది నల్లరేగడి కథ. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో నల్ల బంకనేలలను ఏడాదికి పైగా ఖాళీగా ఉంచి పంట వేస్తే, తేమ దండిగా ఉన్నా పైరు గిడసబారేది. రైతులకు అంతుపట్టలేదు. ఖాళీ కాలంలో మైకోరైజాకు ఆశ్రయమిచ్చే వేళ్ళు లేక అది క్షీణించిందని, అందువల్లే పొద్దుతిరుగుడుకు భాస్వరం అందలేదని 1987లో థాంప్సన్ అనే పరిశోధకుడు తేల్చాడు. భూమికి విశ్రాంతినిస్తున్నామనుకుని నెలల తరబడి బోడిగా వదిలేయడం సూక్ష్మజీవుల లెక్కలో పస్తు పెట్టడమే.

దమ్ము చేసిన నేల

మన ఎకరానికి మళ్ళీ వద్దాం. దుక్కుల్లోకెల్లా తీవ్రమైనది దమ్ము, అంటే నీరు పెట్టి మట్టిని బురద చేయడం. కణికలు విరగడం అటుంచి, చిదిగి చిదిగి విడి రేణువులవుతాయి. కావాలనే చేస్తాం, నీరు కిందికి ఇంకకుండా, కలుపు లేవకుండా, నారు తేలికగా నాటుకునేలా. ఏళ్ళ తరబడి చేస్తే 15, 20 సెంటీమీటర్ల లోతున గట్టిపొర పడుతుంది. వరికి అది వరం, తరువాతి పంటకు అడ్డుగోడ.

నీరు నిలిచిన ఆ మట్టిలో ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువును సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లో వాడేస్తాయి. అక్కడితో శ్వాస ఆగదు. ప్రాణవాయువు అయిపోతే నైట్రేట్‌తో, అదీ అయిపోతే మాంగనీసుతో, ఇనుముతో, సల్ఫేటుతో ఊపిరి తీసుకునే బాక్టీరియా వరుసగా రంగంలోకి దిగుతాయి. చివరికి మిగిలేవి మీథేన్ తయారుచేసే ఆర్కియా అనే, బాక్టీరియాను పోలిన సూక్ష్మజీవులు. వరి చేలో కాలు పెడితే పైకి లేచే బుడగల్లో వాటి పని ఉంది. ఇంత జరుగుతున్నా నీటికి ఆనుకుని ఉన్న కొద్ది మిల్లీమీటర్ల మట్టి పొరలో, వరి వేళ్ళ చుట్టూ మాత్రం ప్రాణవాయువు ఉంటుంది, ఎందుకంటే వరి తన కాండం గుండా గాలిని వేళ్ళకు పంపుకుంటుంది. అక్కడ మీథేన్‌ను తినే బాక్టీరియా కాపలా కాస్తాయి. నిలిచిన నీటి మీద చల్లిన యూరియా ఎందుకు వృథా అవుతుందో కూడా ఈ పొరలే చెబుతాయి. కొంత అమోనియాగా నేరుగా గాలిలో కలిసిపోతుంది. ఇంకొంత పై పొరలో నైట్రేట్‌గా మారి, కింది పొరలోకి దిగగానే అక్కడి బాక్టీరియా శ్వాసకు ఖర్చయి నత్రజని వాయువుగా ఎగిరిపోతుంది.

మరి ఇంత తీవ్రంగా కలియబెట్టిన వరి నేలలో కర్బనం పక్కనున్న మెట్ట చేలకన్నా ఎక్కువగా ఉండటం ఏమిటి? దున్నితే కర్బనం తగ్గుతుందన్న సూత్రం ఇక్కడ తలకిందులవుతుంది. గాలి లేనిచోట కుళ్ళడం నెమ్మది, అందుకే గాదె విరిగినా గింజలు మిగిలాయి. దుక్కి ఒక్కటే ఏదీ నిర్ణయించదు, దుక్కితో పాటు గాలి వచ్చిందా, నీరు వచ్చిందా, మేత మిగిలిందా అన్నవన్నీ కలిసి నిర్ణయిస్తాయి.

వరి కోసి నీరు తగ్గాక నేల బీటలు వారుతుంది, గాలి లోపలికి వస్తుంది. నీటిలో కరిగి ఉన్న ఇనుము తిరిగి తుప్పుగా మారుతూ భాస్వరాన్ని తనతో బంధించుకుంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే మినుము మొలుస్తుంది. భాస్వరం తెచ్చిపెట్టే మైకోరైజా నెలల తరబడి నీట మునిగి నీరసించి ఉంది. గట్టిపొర వేళ్ళను కిందికి పోనివ్వదు. ఇన్ని కష్టాల మధ్య మినుము నిలబడటానికి ఆసరా నీట మునిగినా చావని రైజోబియం అనే బాక్టీరియా. అది వేళ్ళ మీద బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. ఆ మూడు నెలలూ నేల కదలదు, కొయ్యకాళ్ళ వేళ్ళు ఉన్నచోటే కుళ్ళుతాయి, కణికలు మళ్ళీ కట్టుకోవడం మొదలవుతుంది. వరి కోత యంత్రాలు వచ్చాక ఈ పద్ధతికి చిక్కు వచ్చిపడింది. బరువైన చక్రాలు తడి నేలను అణిచివేస్తాయి, మొలకలను తొక్కేస్తాయి. కూలీలతో కోయించే స్తోమత లేని రైతును నేను తప్పుపట్టను, పోగొట్టుకుంటున్నది ఏమిటో మాత్రం తెలియాలి.

గుంటూరు, కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో మినుముకు బదులు చాలామంది వరి కోసిన చేలో దున్నకుండానే మొక్కజొన్న వేస్తున్నారు. తడి నేలలో వరుసగా గుంతలు చేసి గింజ వేస్తారు. సాగు ఖర్చు, సమయం రెండూ కలిసివస్తాయి. ఇక్కడ దున్నడం చేసే పనిని కలుపు మందు చేస్తుంది, ఎక్కువగా పారాక్వాట్, అట్రజిన్. సిఫారసు చేసిన మోతాదులో ఇవి మట్టి సూక్ష్మజీవుల మొత్తం మీద చూపే ప్రభావం చాలావరకు తాత్కాలికమే. పారాక్వాట్ బంకమట్టికి గట్టిగా అతుక్కుపోతుంది, అట్రజిన్‌ను తినే బాక్టీరియా కూడా ఉన్నాయి. నా అభ్యంతరం మరొక వైపు నుంచి. పారాక్వాట్ మనిషి కడుపులోకి వెళితే విరుగుడు లేదు. మట్టిని బతికించే పేరుతో అలాంటి విషాన్ని పల్లె ఇళ్ళలో సీసాల్లో నిలవ పెట్టడాన్ని మంచి సేద్యం అనలేను.

దున్నకపోతే చాలా?

చాలదు. 2015లో పిట్టెల్‌కో అనే పరిశోధకుడి బృందం 63 దేశాల్లో 48 పంటల మీద జరిగిన 610 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసింది. దున్నకుండా వేసిన పంటల దిగుబడి సగటున 5.7 శాతం తగ్గింది. పంట చెత్తను నేల మీదే వదిలి, పంట మార్పిడి కూడా చేసినచోట ఆ నష్టం బాగా తగ్గింది. వాన మీద ఆధారపడే పొడి ప్రాంతాల్లో అయితే దిగుబడి దున్నిన దానికన్నా మెరుగైంది కూడా. తెలంగాణ, రాయలసీమ మెట్ట రైతులు ఈ చివరి మాటను గుర్తుంచుకోవాలి. చెత్త తీసేసి, కేవలం దున్నడం మానేస్తే మిగిలేది గట్టిపడిన బోడి నేల. కొట్టం కట్టి మేత వేయకపోతే పశువు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

కర్బనం విషయంలోనూ అతిగా చెప్పుకోవడం జరిగింది. దున్నని నేలలో పై 5, 10 సెంటీమీటర్లలో కర్బనం, సూక్ష్మజీవులు బాగా పెరుగుతాయి. కాని దుక్కి చెత్తను కిందికి తిప్పే చేలో లోతున ఎక్కువ ఉంటుంది. మొత్తం లోతు కొలిస్తే తేడా చాలాచోట్ల తగ్గిపోతుంది. అయినా పై పొరలో పెరగడం చిన్న విషయం కాదు. వాన చినుకు కొట్టేది, విత్తనం మొలిచేది అక్కడే.

మన దగ్గరి గట్టి ఆధారం పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థలో ఉంది. 1976 నుంచి అక్కడి నల్లరేగడిలో రెండు పద్ధతులను పక్కపక్కన నడుపుతున్నారు. పాత పద్ధతిలో వానాకాలమంతా చేను ఖాళీగా ఉంచి, రబీలో ఒక పంట వేస్తారు. మెరుగైన పద్ధతిలో వెడల్పు మళ్ళు, మధ్యలో కాలువలు ఉంటాయి, మళ్ళు ఏటా అక్కడే ఉంటాయి, నడక కాలువల్లోనే. వానాకాలంలోనే జొన్న, కంది కలిపి వేస్తారు, ఎరువూ వేస్తారు. 24 ఏళ్ళ సగటు చూస్తే దిగుబడి దాదాపు ఐదు రెట్లు. 120 సెంటీమీటర్ల లోతు దాకా మట్టిలో హెక్టారుకు 7.3 టన్నుల కర్బనం అదనంగా చేరింది, సూక్ష్మజీవుల బరువూ పెరిగింది. ఈ తేడా అంతా దుక్కి తగ్గించడం వల్లే వచ్చిందంటే అబద్ధమవుతుంది. కంది రాల్చిన ఆకు, ఏడాదిలో ఎక్కువ కాలం నేలలో వేరు ఉండటం, మళ్ళ మీద బరువు పడకపోవడం అన్నీ కలిశాయి.

వేసవి దుక్కి సంగతి తేలాల్సి ఉంది. లోతు దుక్కి వేస్తే పురుగుల కోశాలు, తుంగ గడ్డలు పైకి వచ్చి ఎండుతాయి, తొలి వాన ఇంకుతుంది. ఈ లాభాలు నిజమైనవి. గులాబీ రంగు పురుగుతో, తుంగతో విసిగిన రైతుకు దున్నొద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. కాని ప్రతి ఏటా, ప్రతి చేలో, అవసరమున్నా లేకపోయినా దున్నడం వేరు. దున్నని పొలంలో చాలా ఏళ్ళకు ఒకసారి అవసరం కోసం దున్నితే సూక్ష్మజీవులు త్వరగానే తేరుకుంటాయని ఆస్ట్రేలియా పరిశోధనలు చూపాయి. ఏటేటా మళ్ళీ మళ్ళీ దున్నేచోట ఆ తేరుకునే సమయమే దొరకదు. పనిముట్టు కూడా ముఖ్యం. కర్రనాగలి మట్టిని పగలదీసేదే గాని తిరగేసేది కాదు, గుంటక కొద్ది అంగుళాల పైపైనే కోసేది. రోటావేటర్ పెద్ద కణికలను మిగలనివ్వదు. మొదటి వానకే ఆ పిండి పైన పెచ్చు కట్టి గాలిని ఆపుతుంది, కింద కత్తులు తగిలే లోతున మరో గట్టిపొర తయారవుతుంది. ఒక్కటి మానుకోగలిగితే పొడి నేలలో రెండోసారి, మూడోసారి రోటావేటర్ తిప్పడం మానుకోవాలని నా సలహా. దాని తరువాత మానుకోవలసింది కొయ్యకాళ్ళు కాల్చడం.

మీ నేల ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ప్రతి రైతుకూ దున్నని నేల ఒక ముక్క ఉంది, అదే పొలం గట్టు. ఏళ్ళుగా గడ్డి వేళ్ళు అల్లుకున్న గట్టు నుంచి ఒక గడ్డ, దాని పక్కనే దున్నిన చేను నుంచి ఒక గడ్డ తీసుకోండి. రెండూ నిమ్మకాయంత ఉంటే చాలు. నీడలో రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వండి. రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, పాత దోమతెర ముక్కను తొట్టిలా వేలాడదీసి, గడ్డలను అందులో మెల్లగా దించండి. ఐదు నిమిషాలు కదపకుండా చూడండి. దారాలు, జిగురు ఉన్న గడ్డ బుడగలు వదులుతూ కూడా ఆకారం నిలుపుకుంటుంది, నీరు తేటగా ఉంటుంది. లేనిది కళ్ళ ముందే జారి అడుగున బురదవుతుంది. చౌడు నేలల్లో సోడియం వల్ల కూడా గడ్డ కరుగుతుంది కాబట్టి అక్కడ ఈ పరీక్షను నమ్మకండి. మిగతా చోట్ల ఈ రెండు గ్లాసుల మధ్య తేడాను రాసి పెట్టుకుని, ఒక మడిలో చెత్త వదిలి దుక్కి తగ్గించి, వచ్చే ఏడాది ఇదే నెలలో మళ్ళీ చూడండి.